చల్లారని గడి

ఆలూరు దారిలో ఒక వాగుకు ఆనకట్ట కడుతున్న రోజులు. 1956 ఎండాకాలం. కాంక్రీటు గట్టిపడేటప్పుడు లోపల వేడి పుడుతుంది. అది బయటికి పోకపోతే గోడ పగులుతుంది. అందుకని గోడ లోపల ఇనుప గొట్టాలు పరిచి, వాటిలో వాగునీళ్లు పారించేవారు. లోపల ఎంత చల్లబడిందో లెక్క కట్టడం ఇంజనీరు దావీదురాజు పని.

పెద్ద కాగితం మీద గోడను గడులుగా గీసేవాడు. గొట్టం పోయే గడుల్లో నీళ్ల వేడి రాసేవాడు. మిగతా ప్రతి గడికీ చుట్టూ ఉన్న నాలుగు గడుల సగటు. వేసి, చెరిపి, మళ్లీ వేసి... అంకెలు కదలకుండా నిలిచేదాకా అదే పని. నిలిచిన అంకెలు గోడలో పాతిన థర్మామీటర్లతో సరిపోవాలి.

నడిగోడ దగ్గర సరిపోలేదు. విసిగిపోయి అక్కడి గడిలో తొంభై ఎనిమిది వేశాడు. మిగతా అంకెలన్నీ వాటంతటవే సర్దుకున్నాయి.

తొంభై ఎనిమిది. జ్వరం లేని మనిషి ఒంటి వేడి.

నడిగోడలో ఆ భాగానికి కాంక్రీటు పోసిన రోజే గోపన్న అనే కూలీ కనబడకుండా పోయాడు. పారిపోయాడని మేస్త్రీ అన్నాడు. గోపన్న పెళ్లాం మద్దమ్మ మాత్రం నమ్మలేదు, ఊరికీ పోలేదు.

మరుసటి వారం కొలతలొచ్చాయి. ఈసారి ఆ తొంభై ఎనిమిదిని పక్క గడిలో వేస్తేగానీ లెక్క కుదరలేదు. ఆపై వారం, దాని పక్కదాంట్లో. వేడి చల్లటి నీళ్లవైపు పోవాలి కదా! ఇది గొట్టాలను తప్పించుకుని, గోడలో మనుషులు తిరగడానికి వదిలిన సొరంగం వైపు వస్తోంది.

తెల్లారగానే దావీదురాజు లాంతరు పట్టుకుని సొరంగంలోకి దిగాడు. తడి సున్నం వాసన. గొట్టాల్లో నీళ్ల గురగుర. మలుపులో మద్దమ్మ గోడకు చెంప ఆనించి నిలబడి ఉంది.

"ఏమమ్మా, ఈడ ఏం చేస్తాండావు?"

"మెల్లగా సారూ..." గుసగుసలాడింది. "ఈడనే ఉండాడు. నా చెంపకు తగులుతాండాడు."

ఆయన అరచెయ్యి ఆనించాడు. గోడంతా చల్లన. అక్కడొక్కచోటే... వెచ్చగా. అవతలి నుంచి ఎవరో చెయ్యి కలిపినట్టు. వెనక్కి తీసుకోబోయాడు. రాలేదు...

ఉన్నట్టుండి ఆ వెచ్చదనం పోయింది. చెయ్యి గోడ నుంచి విడివడింది.

"పోయినాడు సారూ..."

"యాడికి?"

మద్దమ్మ ఆయన భుజం మీదుగా మెట్లవైపు చూస్తోంది.

మెట్ల పక్క ఇనుప కమ్మీ నిండా చెమ్మ. ఆ చెమ్మలో అక్కడక్కడ వేడికి ఆరిపోయిన మచ్చలు. అయిదు వేళ్ల గుర్తులు. ఒకదాని తర్వాత ఒకటి, పైకి... వెలుతురులోకి.

మద్దమ్మ పరుగున పోయి మొదటి గుర్తు మీద తన చెయ్యి పెట్టింది. ముఖం ఒక్క క్షణం వెలిగింది. మరుక్షణం పాలిపోయింది.

"ఇంకా వెచ్చగానే ఉండాది సారూ... కానీ ఇది మా ఆయన చెయ్యి కాదు."