రెండు వార్డుల నడుమ దగ్గు

నిజామాబాద్‌ల ఒక దవాఖాన. పేరు నన్నడగొద్దు. జరం వార్డుకూ కాన్పుల వార్డుకూ నడుమ ఒక పొడుగు వరండా... పొద్దుగూకినంక ఆ దిక్కు కుక్క గూడ పోకపోయేది.

యాభై ఏడుల ఫ్లూ జరం ఊళ్లను ఊడ్చిననాడు, కోటగిరి నుంచి వచ్చిన గోదావరి అనే నిండు చూలాలు ఆ వరండాలనే పానం ఇడిసింది. కడుపుతోని ఉన్నదని జరం వార్డోళ్లు పొమ్మన్నరు. పసిపిల్లలకు అంటుతదని కాన్పులోళ్లు పొమ్మన్నరు. రాత్రంత ఆమెను పండవెట్టిన బండిని అటూ ఇటూ నూకినోడు వార్డుబాయి లాజరు. అప్పటిసంది రాత్రి ఆడ దగ్గు ఇనొస్తదంటరు... తెలిసినోళ్ల గొంతుతోని పిలుస్తదంటరు. తలుపు మాత్రం తియ్యొద్దంటరు.

ఇదంత పుట్టిచ్చింది గూడ లాజరే!

ఎందుకా? నిద్ర కోసం. దయ్యం ఉన్నదంటే రాత్రిపూట పేషెంట్లను ఎవరు అటూ ఇటూ పంపుతరు? పదకొండేండ్లు సుఖంగ పండుకున్నడు, పాపిష్టోడు.

అరవై ఎనిమిదిల మళ్ల ఫ్లూ వచ్చింది. ఈసారి బండి మీద లాజరు బిడ్డ యేసమ్మ. ఒళ్లు పెనమోలె కాలుతున్నది. ఏడో నెలకే నొప్పులు మొదలైనయి. డాక్టరమ్మ బోధన్ దిక్కు జరాలు సూడబోయి ఇంక రాలేదు.

"కాన్పు మాతోని కాదు, తీస్కపో" అన్నరు జరం వార్డుల.

కాన్పుల వార్డుకు ఒక కాయిదా ఉన్నది. జరమున్నదాన్ని లోపటికి తేవద్దు, నర్సే వరండాలకొచ్చి సూడాలె. లాజరు బండి ఆపి, మూసిన తలుపు కొట్టిండు.

"శారమ్మా... జర బయటికి రా తల్లీ."

లోపట నర్సు తలుపు దగ్గరికొచ్చింది. "ఎవరూ?"

"నేను, లాజరును. నా బిడ్డ సచ్చేటట్టున్నది!"

వరండాల యేసమ్మ దగ్గింది.

"అమ్మో... దగ్గుతున్నది" అన్నది శారమ్మ.

"గది నా బిడ్డ దగ్గు! దయ్యం లేదు, గియ్యం లేదు. నేనే అబద్ధం జెప్పిన తల్లీ, నీ కాళ్లు మొక్కుత!"

లోపట రెండో గొళ్లెం పడ్డది.

"మా లాజరన్న అబద్ధమాడెటోడు కాదు" అని పక్కనున్న ఆయా చెవుల గుసగుసలాడింది శారమ్మ. "ఇది అదే... అన్న గొంతుతోనే పిలుస్తున్నది."

చేతులు నెత్తురయ్యేదాక తలుపు బాదిండు లాజరు. ఎనక దగ్గు సన్నగైంది... ఇంకింత సన్నగైంది... ఆగింది.

"హమ్మయ్య, పోయినట్టుంది" అన్నది లోపట శారమ్మ. "ఇగ పండుకుందాం."