ఈనిన పన్నెండో రోజు

ఆదివారం పొద్దున్నే గంగాదేవి కొట్టంలో ఆవు పక్కన కూర్చుని ఉంది. ఈని పన్నెండు రోజులైంది. పచ్చి పిల్లిపెసర మేత మూతి దగ్గర పెట్టినా ఆవు తల తిప్పేసుకుంటోంది. చూడితో ఉన్నప్పుడు పట్టిన కొవ్వంతా ఒక్కసారే కరిగి లివరు మీద పడిందనీ, రెండు రోజుల్లో మేత ముట్టకపోతే కష్టమనీ డాక్టరు చెప్పి వెళ్లాడు. కొడుకు రాజీవ్ గిలకలదిండి ఐసు ఫ్యాక్టరీలో డ్యూటీకి వెళ్తే మూడేసి రోజులు రాడు.

కోడలు వసుంధర వెటర్నరీ కాలేజీ హాస్టల్ నుంచి వచ్చీ రాగానే సంచీలోంచి సిరంజి తీసింది.

"మళ్లీ రక్తమేనా?"

"కొంచెమే అత్తయ్యా. పరిశోధనకి."

"నీ కోడలు ఆవుల్లో గంజాయి వెతుకుతోందటగా అని పక్కింటి బసవయ్య నవ్వాడు. ఏం చెప్పాలో నాకు తెలియలేదు." గంగాదేవి ఆవు గంగడోలు నిమిరింది. "నేనే చంపుకుంటున్నాను దీన్ని. ఇంట్లో తినేవాళ్లెవరూ లేరు. దీనికే తవుడూ తెలగపిండీ కలిపి పెట్టేదాన్ని. ఇది తింటుంటే ఎవరో ఉన్నట్టుండేది."

వసుంధర చెయ్యి ఆగిపోయింది. రెండు నెలల కిందట ఇదే కొట్టంలో ఆవు తోక మొదలు తడిమి, బాగా ఒళ్లు చేసిందని నోట్సులో రాసుకుంది.

"నాకప్పుడే తెలుసు అత్తయ్యా. నా పరిశోధనకి అలాంటి ఆవులు కావాలి. అందుకే మేత తగ్గించమని మీకు చెప్పలేదు."

గంగాదేవి చెదిరిన మేతని మళ్లీ ఆవు మూతి దగ్గరికి జరిపింది.

"చెబితే వినేదాన్ని," అంది. "దీని గురించే అక్కర్లేదు, ఏదో ఒకటి. వస్తావు, సూది గుచ్చుతావు, సోమవారం బస్సెక్కుతావు."

వసుంధర సిరంజి సంచీలో పడేసింది. "రేపు వెళ్లను."

"కాలేజీలో ఏమీ అనరూ?"

"అంటారు."

ఇద్దరూ కలిసి ఆవు నోరు తెరిచి డాక్టరిచ్చిన తియ్యటి మందు తాగించారు.

"ఇంతకీ ఆ గంజాయి సంగతేంటి?"

"అలాంటి పదార్థాలు ఒంట్లోనే తయారవుతాయి అత్తయ్యా. ఆకలి పుట్టించడంలో, కొవ్వు దాచడంలో వాటికీ చెయ్యి ఉంది. ఈనాక అవెలా మారతాయో చూస్తున్నాను."

"అయితే ఆకలేస్తోందని లోపల్నుంచి ఎవరో చెప్పాలన్నమాట."

"అంతే."

"నాకూ చెప్పడం మానేసినట్టున్నారు. శుక్రవారం నుంచి పొయ్యి వెలిగించలేదు."

వసుంధర కళ్లు తుడుచుకుంటూ వంటింట్లోకి నడిచింది. కొట్టంలో ఆవు ఒక పిల్లిపెసర రెమ్మ నోట పెట్టుకుని, నమలాలా వద్దా అన్నట్టు నిలబడింది. తర్వాత మెల్లగా నమిలింది.

"బియ్యం రెండు గ్లాసులు పొయ్యవే," వెనక నుంచి గంగాదేవి గొంతు వినిపించింది. "నువ్వూ తినాలిగా."