మెయిన్ ప్యానెల్ మీది ఎర్ర తాళం

"ఏమండీ మోడల్ గారూ! ఈ గదిలో లైటు వేసుకోవాలంటే ముందు తలుపు మూసుకోవాలా?"

కట్టబోయే భవనానికి కంప్యూటరులో నమూనా తయారుచేసే యువకుడితో, ఎలక్ట్రికల్ కాంట్రాక్టరు గారి కూతురు మాట్లాడిన మొదటి మాట అది. ఆ నమూనాలో అతడు స్విచ్‌బోర్డును సరిగ్గా తలుపు వెనక్కి నెట్టేశాడు మరి.

"మీ వైర్ల పైపులు మాత్రం తక్కువ తిన్నాయా? మూడో అంతస్తులో ఏకంగా నీళ్ళ గొట్టంలోంచే దూరిపోతున్నాయి, చూడండి."

ఆమె వంగి తెర చూసింది. నిజమే. నాలుక కరుచుకుంది.

"సరే, చెల్లుకు చెల్లు" అంది.

అప్పటినుంచి అతని పేరు మోడల్‌గానే స్థిరపడింది. గోడలు లేచేకొద్దీ వారి వాదులాటలూ పెరిగాయి. వాన కురిసి పని ఆగిన పూటల్లో, మెట్ల పక్క కిటికీ దగ్గర ఇద్దరూ టీ తాగుతూ, వాన మరికాసేపు కురిస్తే బాగుండునని ఎవరికి వారు అనుకునేవారు. పైకి మాత్రం, "ఇలా అయితే పని సాగినట్టే!" అని ఇద్దరూ ఒకేసారి విసుక్కునేవారు.

కేబుళ్ళు నడిచే నిలువు షాఫ్టులోకి దిగి అతడు కొలతలు తీసుకోవలసి వచ్చినప్పుడు, ఆమె అతనికొక ఎర్ర తాళం ఇచ్చింది. దాని మీద తెల్ల రంగుతో "మోడల్" అని తానే రాసింది.

"లోపలికి దిగేముందు కరెంటు ఆపి, కింద మెయిన్ ప్యానెల్‌కు ఈ తాళం వెయ్యాలి. చెవి మీ జేబులోనే ఉండాలి. ఇది వేలాడుతోందంటే లోపల మీరున్నట్టే. మిమ్మల్ని కళ్ళతో చూడందే ఎవ్వరూ దీన్ని ముట్టుకోరు, మా నాన్నతో సహా."

"అంటే నా ప్రాణం నా జేబులోనే అన్నమాట."

"నవ్వులాట కాదండీ" అంది ఆమె. అతడు నవ్వు ఆపేశాడు.

భవనం పూర్తికావస్తుండగా కంపెనీ అతణ్ణి మరో నగరానికి బదిలీ చేసింది. బయలుదేరే రోజు ఉదయం కూడా అతడు చివరి కొలతల కోసం షాఫ్టులోకి దిగాడు. ఆమె మాత్రం లేని పని కల్పించుకుని స్టోరు గదిలోనే ఉండిపోయింది. ఎదురుపడితే వీడ్కోలు చెప్పాలి. అది ఆమెకు చేతకాలేదు.

మధ్యాహ్నం లిఫ్టును పరీక్షించేవారు వచ్చారు. కరెంటు ఇవ్వబోతే, ప్యానెల్ మీద ఎర్ర తాళం వేలాడుతూ ఉంది.

"మరిచిపోయి బస్సెక్కేసుంటాడమ్మా. కోసేద్దామా?" అన్నాడు తండ్రి.

"వెళ్ళడం మీరు చూశారా నాన్నా?"

"చూళ్ళేదు."

"అయితే కోయొద్దు."

ఫోను చేసింది. మోగుతోంది కానీ ఎత్తడంలేదు. ఆమె టార్చి అందుకుంది. మెట్లెక్కుతూ ప్రతి అంతస్తులోనూ షాఫ్టు తలుపు తెరిచి, టార్చి వేసి, "మోడల్ గారూ!" అని పిలిచింది. ఆమె గొంతే తిరిగి వినిపించింది. డాబా మీదికి చేరేసరికి జోరున వాన. ఆ వానలో, గొడుగైనా లేకుండా, గేటులోంచి పరుగెత్తి వస్తున్న మనిషిని చూసి ఆమె మెట్లన్నీ ఒక్క ఊపున దిగింది.

ప్యానెల్ ముందు అతడు రొప్పుతూ నిలబడ్డాడు.

"టికెట్టు కోసం జేబులో చెయ్యి పెడితే తాళంచెవి వచ్చిందండీ. వెంటనే బస్సాపించి దిగిపోయాను."

"ఫోనెందుకు ఎత్తలేదు?"

"బ్యాగులో ఉంది."

"బ్యాగేదీ?"

అతడు ఖాళీ భుజం తడుముకున్నాడు. "బస్సులో."

ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "అన్ని అంతస్తులూ వెతికాను తెలుసా! మీకేమైనా అయ్యుంటే నేను..."

"పొద్దున మీకోసం నేనూ వెతికాను. కనపళ్ళేదు."

"కావాలనే కనపళ్ళేదు. కనపడితే వెళ్ళొద్దని అనేసేదాన్ని."

అతడు ముఖం మీది వాననీళ్ళు తుడుచుకున్నాడు.

"ఇప్పుడు అనండి."

"ఒప్పుకున్న పని మానుకొమ్మని ఎలా అంటాను? ఈ ఒక్కరోజుకు ఆగండి, చాలు."

"వచ్చే వానాకాలంలోపు అక్కడ పని ముగుస్తుంది. తిరిగొచ్చాక మీ నాన్నగారితో మాట్లాడనా?"

"అందాకా ఎందుకు బాబూ? నేనిక్కడే ఉన్నాగా!"

ప్యానెల్ పక్కనే స్టూలు మీద కూర్చున్న తండ్రి సంగతి ఇద్దరూ పూర్తిగా మరిచిపోయారు. ఆయన లేచి, తన తువ్వాలు అతని తల మీద వేశాడు.

"సాయంత్రం ఇంటికి రా. పొడి చొక్కా ఇస్తాను. మీవాళ్ళ ఫోన్ నంబరూ ఇద్దువు గాని. ముందు ఆ తాళం తియ్యి నాయనా, లిఫ్టువాళ్ళు నన్ను తినేస్తున్నారు."

అతడు చెవి తీశాడు గానీ, తడిచేతిలో జారి అది రంధ్రంలోకి వెళ్ళలేదు. అతని తాళం అతడే తియ్యాలి గనుక ఆమె చెవిని ముట్టుకోలేదు. తడిసిన అతని మణికట్టును మాత్రం మెత్తగా పట్టుకుంది.