కింది గడియ

ఆదివారం సాయంత్రం. వడ్రంగి ఇంట్లో, ఇందాక బాప్తిస్మంలో తడిసిన అతని తెల్లబట్టలు తాడు మీద ఆరుతున్నాయి. బయట సన్నగా వాన. ముందుగదిలో రంపపు పొట్టు వాసన. "తల ఇంకా తడిగానే ఉంది, తుడుచుకోరాదూ" అంది భార్య. పిచ్చిక పోయాక ఆమె అంత మెత్తగా మాట్లాడటం అదే మొదలు.

పిచ్చిక వాళ్ల ఒక్కగానొక్క కూతురు. నాన్న పని చేస్తుంటే రాలిన మేకులు ఏరి, గడప దగ్గర వరసగా పేర్చేది. అతను తాగి వచ్చినప్పుడు భార్య తలుపు తీసేది కాదు. అందుకని పై గడియ పీకేసి, పిల్లకి అందేలా తలుపు అడుగున ఒక చిన్న గడియ బిగించాడు మహానుభావుడు! ఎంత తెలివి అనుకున్నాడో. కిందటి వానల్లో నాన్న ఇంకా రాలేదని పిల్ల ఆ గడియ తనే తీసుకుని వెతుక్కుంటూ వెళ్లింది. కాలవలో దొరికింది. ఆ వేళకి అతను సారాకొట్టు అరుగు మీద గురకపెడుతున్నాడు.

పై గడియ మళ్లీ బిగించి, ఆ కింది గడియని వెనక్కి లాగి ఇక కదలకుండా మేకులు కొట్టేశాడు. మళ్లీ చుక్క ముట్టలేదు. దాహం మాత్రం చావలేదు పాపం.

"నీ పాత మనిషిని ఈ నీళ్లలో పాతిపెట్టాం నాయనా" అన్నారు ఇవాళ బాప్తిస్మం తొట్టి దగ్గర పాస్టరుగారు. "వాడు ఊరుకోడు. వచ్చి తలుపు కొడతాడు. తియ్యకు."

"బావ మునిగితే తొట్టి నీళ్లకే మత్తెక్కుతుందండీ" అన్నాడు బామ్మర్ది. అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు.

దీపం పెట్టిన కాసేపటికి తలుపు చప్పుడైంది.

మెల్లగా... అరచేత్తో కొట్టినట్టు.

తలుపు సందులోంచి సారా వాసన. అతని నోట్లో నీళ్లూరాయి.

"ఏమే... తియ్యవే..."

మాట ముద్దగా ఉంది. గొంతు అతనిదే. తనే అన్నాడేమోనని నోరు తడుముకున్నాడు. పెదాలు మూసే ఉన్నాయి.

అంతలో తలుపు అడుగున... చిన్న గోళ్లతో గీకిన చప్పుడు.

"అమ్మా... నాన్న దొరికాడే. తీసుకొచ్చాను."

భార్య ఒక్క ఉదుటున లేచింది. అతను నడుం పట్టుకుని ఆపాడు.

"వదలండి! పిల్ల తడిసిపోతోంది!"

"ఒక్కతే అయితే తీద్దునే" అన్నాడు గుసగుసగా. "దాని పక్కన నేనున్నాను."

ఆమెకి అర్థమైంది. అర్థమయ్యాక ఇంకా గింజుకుంది. తల్లి కదా.

అతను ఆమె చెయ్యి వదలకుండానే నేలమీద బోర్లా పడుకుని సందు దగ్గర నోరు పెట్టాడు. "పిచ్చికా... వాడి చెయ్యి వదిలెయ్ తల్లీ. నాన్న ఇక్కడున్నాడు. లోపల."

గీకుడు ఆగింది. చిన్న ముక్కు ఎగపీల్చిన చప్పుడు.

"నువ్వు నాన్నవి కాదు... నాన్న వాసన లేదు."

అయ్యో, ఆ బిడ్డకి తెలిసిన నాన్న ఆ వాసనే! ఒక్క గుక్క... ఒక్క గుక్క వేస్తే చాలు, పిల్ల గుర్తుపడుతుంది. అతని చెయ్యి పై గడియ దాకా వెళ్లింది. గడియ చల్లగా ఉంది. చెయ్యి వెనక్కి తీసుకుని, తలుపుకి వీపు ఆనించి కూలబడ్డాడు.

"ప్రభువా..." అన్నాడు. అంతకుమించి ప్రార్థన రాలేదు.

బయట అడుగులు కదిలాయి. తూలుతూ పెద్దవి... పక్కనే పరుగులాంటి చిన్నవి. కాలవ వైపు. అవి వినపడకుండా పోయేదాకా భార్య అతని భుజాన్ని పళ్లతో కరిచి పట్టుకునే ఉంది. అతను వదిలించుకోలేదు.

తెల్లారింది. వాన వెలిసింది. పై గడియ వేసింది వేసినట్టే ఉంది.

కింది గడియకి మేకులు లేవు.

లోపలి వైపు, గడప పక్కన... దానికి కొట్టిన మేకులు వరసగా పేర్చి ఉన్నాయి. తడిగా.