లోలా పురింగ్ నేల మీద పన్నెండు గీతలు

"నువ్వు మనిషివా, గుర్రానివా?"

రెమి నన్నడిగిన మొదటి ప్రశ్న అదే. మా లిగావ్‌లో ఊరి పండగనాడు వాళ్ళ మేడగదిలో ఆమెతో ఒక్క డాన్సు వేసి, ఇంకోటి అడుగుదామని నోరు తెరిచానో లేదో, వేలితో నేల చూపించింది. అద్దంలా మెరిసే నర్రా చెక్క మీద పన్నెండు గీతలు. నా బూట్ల మడమలకి కొట్టించిన లాడాల పుణ్యం!

"మెట్ల దగ్గర మీ లోలాయే, బూట్లు విప్పక్కర్లేదు బాబూ అన్నారు."

"అనకేం చేస్తుంది? మర్యాదకి ఎవరైనా అలాగే అంటారు. పర్లేదండీ అని విప్పెయ్యడం నీ మర్యాద. ఏ ఊరు నీది?"

ఆ ఊరే, మూడు వీధుల అవతల. అసలు సంగతేమిటంటే నా మేజోడుకి బొటనవేలి దగ్గర చిల్లుంది. అది చెప్పడం కన్నా గుర్రమనిపించుకోవడమే నయమనుకున్నాను.

ఇంతలో రెమి అమ్మమ్మ లోలా పురింగ్ (మాలో అమ్మమ్మని లోలా అంటారు) కర్ర పొడుచుకుంటూ వచ్చి చూసింది. తిట్టలేదు. "పేరేంటి? డెల్ఫిన్ అంటావా? శనివారం శనివారం వచ్చి గీతలు పోగొట్టు. అవి పోయాక నువ్వూ పో," అంది.

పిల్లని ఇష్టపడ్డవాడు ఆ ఇంట్లో కట్టెలు కొట్టి, నీళ్ళు మోసి పెద్దల మనసు గెలుచుకోవడం మాలో పాత ఆచారం. నాకు అడక్కుండానే పని దొరికింది. కాకపోతే ఆ పని పూర్తయితే రెమిని చూడ్డానికి నాకు ఇంకో వంక లేదు.

మొదటి శనివారం ఉప్పు కాగితం పట్టుకెళ్ళి అడ్డంగా రుద్దడం మొదలెట్టాను. రెమి పరిగెత్తుకొచ్చింది.

"ఆపు మహానుభావా! గీతలు పడింది పైనున్న మైనానికి. నువ్వు చెక్కనే గీకేస్తున్నావు."

"మరేం చెయ్యమంటావ్?"

"ముందు తడిగుడ్డతో తుడువు. మయోన్ అగ్నిపర్వతం దుమ్ము ఒక్క రేణువున్నా ఇంకో గీత పడుతుంది. తర్వాత కిరసనాయిలు గుడ్డతో పాత మైనం తియ్యి, చెక్క చారల వెంబడే. ఆనక ఇదిగో, పిలి పప్పు."

బాదంలాంటి ఆ గింజపప్పు నోట్లో వేసుకున్నాను.

"అయ్యో రాత! తినడానికి కాదు, గీత మీద రుద్దడానికి!"

పప్పులో నూనె ఇంకితే గీత చెక్క రంగులో కలిసిపోతుంది. పావుగంట ఆగి కొత్త మైనం రాసి, సగానికి కోసిన కొబ్బరి పీచు డొప్ప మీద ఒక కాలు పెట్టి ముందుకీ వెనక్కీ ఊగుతూ రుద్దాలి. నా నడుం పట్టేసింది. బయట వాన, కిటికీలో కూచుని రెమి ఒకటే నవ్వు. ఆ నవ్వు కోసం వంటిల్లు కూడా రుద్దేవాణ్ణి.

నాలుగో శనివారానికి ఒకే ఒక్క గీత మిగిలింది. సగం చేసి వదిలేస్తే ఇంకో వారం రావచ్చు. కానీ పని చేతకానివాడికి పిల్లనెవరిస్తారు? బాగా చేస్తే పొమ్మంటారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చివరికి ఒళ్ళు వంచి రుద్దేశాను.

ఆ రోజు రెమి నవ్వలేదు. "అంత శ్రద్ధగా చెయ్యాలా?" అంది.

"సగంలో వదిలెయ్యమంటావా?"

"నేనేమన్నానిప్పుడు?" అని మొహం తిప్పుకుంది. పోతే పోనీ అనుకుంటోంది కాబోలని నాకు ఒళ్ళు మండింది.

లోలా వంగి, కిటికీ వెలుగులో పక్కవాటుగా నేలంతా చూసింది. "బావుంది. ఇక వెళ్ళిరా నాయనా."

బరువుగా మెట్ల దాకా వెళ్ళాను. వెనక కీచుమని ఒకటే మోత. తిరిగి చూస్తే, రెమి ఇనప కాళ్ళ కుట్టుమిషన్ని ఈ గోడ నుంచి ఆ గోడకి ఈడ్చుకుపోతోంది.

"మతి పోయిందేమే నీకు?" లోలా కర్రెత్తింది.

"లేదు లోలా." రెమి రొప్పుతోంది. "ఈ గీతలు పోవడానికి ఇంకో నెల పడుతుంది. ఆ తర్వాత బీరువా ఈడుస్తాను. అతను నాకు నచ్చాడు."

మెట్ల దగ్గర్నుంచే అరిచాను. "నాకు రెమి పండగనాడే నచ్చింది లోలా."

లోలా గీతల్ని చూసింది, మనవరాల్ని చూసింది, నన్ను చూసింది. కుర్చీలో కూలబడింది.

"ఈ ఆదివారమే మీ అమ్మానాన్నల్ని తీసుకురా అబ్బాయ్, పెళ్ళి మాటలు మాట్లాడుకుందాం. బీరువా దాకా వస్తే నాకు నేల మిగలదు."