బొల్లారంలో పొడుగు ప్రార్థన

"యేసుదాసు ద్రోహి అయితే నువ్వే పట్టుకోవాలె. కాకపోతే కాదని నువ్వే తేల్చాలె. పదిన్నర దాకా టైముంది," అన్నాడు నిఘా విభాగం చీఫ్ వీరయ్య.

2005. బోయిన్‌పల్లి మార్కెట్, ఉల్లిగడ్డల గోదాము వెనక గది. ఏజెంట్ పేతురు ఫైలు తెరిచాడు.

యేసుదాసు విదేశీ చిప్ కంపెనీలో టెక్నీషియన్‌గా చేరి, ఇరవై ఏళ్ళలో టెక్నాలజీ హెడ్ అయ్యాడు. ఆ కుర్చీ వదిలి వెంచర్ క్యాపిటలిస్ట్ అయ్యాడు. అంటే, బ్యాంకులు గుమ్మం తొక్కనివ్వని కుర్రాళ్ళను నమ్మి పెట్టుబడి పెట్టేవాడు. అలా లేచిందే బొల్లారంలో సైన్యానికి వైర్‌లెస్ సెట్లు చేసే కంపెనీ. ఈ రోజు దాని కొత్త ల్యాబ్ ప్రారంభం. సెట్లలో మాటలు బయటివాళ్ళు వినకుండా కాపాడే మాస్టర్ కోడ్ ఒక పెన్ డ్రైవ్‌లో ఉంది. పదిన్నరకు ప్రార్థన అయ్యాక దాన్ని సైన్యం తరఫున వచ్చే కర్నల్‌కు అప్పగిస్తారు. ఈలోపే కొట్టేయడానికి ఒక విదేశీ ముఠా మనిషిని దింపింది. లోపలి నుంచి సాయం చేసేది యేసుదాసేనేమోనని డిపార్ట్‌మెంట్ అనుమానం. కోడ్ పోతే సరిహద్దులో మన జవాన్ల ప్రతి మాటా శత్రువు చెవిన పడుతుంది. నేరం రుజువైతే యేసుదాసు జైల్లో పడతాడు.

"లోపల మన మనిషుంది. సలోమి. యేసుదాసుకి అడ్వైజర్. ముఠాలోకి డబుల్ ఏజెంట్‌గా మనమే పంపినం. నీది పాస్టర్ వేషం. ఐఐటీలోళ్ళుంటరు, ఎంబీఏలుంటరు. ఏడో క్లాసోనివి, సంభాళిస్తవా?"

"ప్రార్థనప్పుడు వాళ్ళంతా కళ్ళు మూస్తరు సార్. నేను ముయ్య."

పది గంటలకు పేతురు తెల్ల బట్టల్లో బొల్లారం ల్యాబ్ దగ్గర దిగాడు. గేటు దగ్గర ఆగిన కారులో ఒక విదేశీయుణ్ణి చూసుకుంటూ లోపలికి నడిచాడు. జిప్ బైబిల్ కవర్‌లో ట్రాన్స్‌మిటర్. గేటు బయట వీరయ్య టీం ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంది.

"అయ్యగారూ, జెర షార్ట్‌గా కానియ్యండి," అన్నాడు యేసుదాసు.

"దేవునితోని సుత మీటింగేనారా నీకు? అయ్యగారిని తొందరపెట్టకు," అంది ఆయన పెద్దమ్మ మేబెల్.

పేతురు ప్రార్థన మొదలుపెట్టగానే యాభై తలలు వంగాయి. పేతురు చూపు యేసుదాసు మీదే ఉంది. ఆయన కదల్లేదు. బల్ల అవతలి నుంచి ఎర్ర గోళ్ళ చెయ్యి ఒకటి వచ్చింది. బల్ల మీదున్న పెన్ డ్రైవ్ తీసి ఆకుపచ్చ బ్యాగులో వేసుకుంది, అలాంటిదే ఇంకోటి అక్కడ పెట్టింది. సలోమి. ప్లాన్‌లో ఈ ముక్క లేదు. ఆమె అమ్ముడుపోయింది.

అరవడానికి లేదు. ఆమె బ్యాగులో పిస్టల్ ఉంది. డిపార్ట్‌మెంటే ఇచ్చింది. పేతురుకు మాత్రం బైబిల్ ఇచ్చారు.

"ప్రభువా," గొంతు పెంచాడు పేతురు. "ఆకుపచ్చ బ్యాగు పట్టుకున్న నీ కుమార్తె సలోమిని జ్ఞాపకము చేసుకొనుము. ఆమె కొరకు గేటు వద్ద కారులో వేచియున్న పరదేశిని నీ బలమైన హస్తముతో ఆపుము."

సలోమి కళ్ళు తెరిచింది. చెయ్యి బ్యాగు జిప్ మీదికి పోయింది.

కానీ పేరు పెట్టి ప్రార్థిస్తే సికింద్రాబాద్ పెద్దమ్మలు ఊరుకోరు. పేతురు ఆ లెక్క మీదే ఉన్నాడు.

"నీ కోసమే చేస్తున్నరు బిడ్డా, మోకరించు," మేబెల్ ఆమెను కిందికి లాగింది. "ప్రార్థనప్పుడు బ్యాగెందుకు? ఇటియ్యి."

బ్యాగు మేబెల్ చంకలోకి పోయింది. నలుగురు ఆడవాళ్ళు సలోమి తల మీద చేతులు ఆనించారు. లేవబోతే, ఆత్మ తాకిందని ఇంకా గట్టిగా నొక్కారు. పేతురు రోగుల కోసం, విధవరాండ్ర కోసం, కరెంటు డిపార్ట్‌మెంట్ కోసం ప్రార్థించాడు. పదీ ఇరవై తొమ్మిదికి గేటు దగ్గరి కారు పారిపోవడానికి కదిలింది. వీరయ్య టీం ఉల్లిగడ్డల లారీ దానికి అడ్డం తిరిగింది. లేడీ కానిస్టేబుళ్ళు గదిలోకి వచ్చారు.

"ఆమేన్."

బేడీలు పడ్డాక సలోమి నవ్వింది. "సెవెంత్ క్లాస్. పెన్ డ్రైవ్ ఎటువైపు గుచ్చాలో తెలుసా నీకు?"

"తెల్వది మేడమ్. దొంగచెయ్యి ఎటు పోతదో తెల్సు."

బ్యాగులోంచి తీసిన అసలు డ్రైవ్‌ను పేతురు యేసుదాసు చేతికిచ్చాడు.

"నన్ను అనుమానించిన్రా?"

"పొద్దటి సంది."

"ఈ సంగతి పేపర్లకెక్కితే ఇన్వెస్టర్లు ఒక్కరు మిగలరు. కంపెనీ మూసెయ్యమంటరు." యేసుదాసు డ్రైవ్‌ను పిడికిట్లో బిగించాడు. "ముయ్య. ఇరవై ఏండ్లు ఆ విదేశీ కంపెనీకి తల ఊపిన. చాలు." నేరుగా నడిచి కర్నల్ చేతిలో పెట్టాడు.

మేబెల్ పేతురు దగ్గరికొచ్చింది. "ప్రార్థన మంచిగుంది అయ్యగారూ. కూసోండ్రి, ఇగ బైబిలు వాక్యం మీద ప్రసంగం షురూ చెయ్యండి. గంటసేపన్న చెప్పాలె."

పిస్టల్‌కు బెదరని ఏజెంట్ పేతురు, ఆ రోజు మొదటిసారి వెనక తలుపు ఎటుందో వెతికాడు.