నీలం బ్యాడ్జీ పిల్ల

శనివారం ఉదయం తాళాల టీచర్ వంటింట్లో రొట్టె ముక్కలు కాలుస్తోందన్న మాటే గానీ, ప్రాణమంతా చెవుల్లోనే ఉంది. వెనక గట్టు మీద ఐదేళ్ళ మేనకోడలు కూర్చుని పాలు తాగుతోంది. గ్లాసు కింద పెట్టిన చప్పుడు తప్ప మరో చప్పుడు లేదు.

నెల కిందటైతే ఈపాటికి ఆ గట్టు మీంచి రాత్రి వచ్చిన కల, పక్కింటి పిల్లి చేసిన ఘనకార్యం, ఊడాలా వద్దా అని ఊగుతున్న పన్ను, అన్నీ ఏకబిగిన వచ్చి పడేవి. ఆ పిల్ల మొదలుపెడితే ఆపడం ఎవరి తరమూ కాదు. వాళ్ళ నాన్న వసపిట్ట అని పేరు పెట్టాడు. అది అరిగి అరిగి పిట్ట అయింది. ఇప్పుడా పిట్ట మేనత్త వంక ఓరగా చూసి, పెదాలు బిగించి, గట్టు దిగి వెళ్ళిపోయింది.

"సోమవారం పదకొండింటికి డాక్టర్ దగ్గర టైం దొరికింది వదినా. మాటలు రాని పిల్లల్ని చూసే డాక్టరట" అంది మరదలు, జుట్టు ముడి వేసుకుంటూ. రక్తపరీక్షల ల్యాబులో పని ఆమెది. ఎంత ఏడ్చే పిల్లకైనా నవ్విస్తూ సూది గుచ్చగలదని పేరు. కన్నకూతురి నోరు మాత్రం మూడు వారాలుగా తెరిపించలేకపోతోంది.

తాళాల టీచర్ ఊఁ అంది. తేలు కుట్టిన దొంగ అంతకంటే ఏమంటాడు?

ఆమె అసలు పేరు బళ్ళో ఎవరికీ గుర్తుండదు. నడుముకి వేలాడే ఇరవై తాళంచెవుల గుత్తిని చూసి పిల్లలు పెట్టిన పేరే స్థిరపడింది. ప్రైమరీ స్కూల్లో రెండో తరగతి చెప్పడంతో పాటు, అడ్మిషన్ల రోజుల్లో ప్రతి శనివారం కొత్త తల్లిదండ్రులకి బడి తిప్పి చూపించే పని ఆమెదే. భర్త పోయాక తమ్ముడింటికి వచ్చి ఎనిమిదేళ్ళయింది. తనకి పిల్లల్లేరు. పిట్ట పుట్టాక ఆ లోటు ఎటు పోయిందో ఆమెకే తెలియలేదు.

ఆ బళ్ళో చేర్చుకునే పిల్లలకి పరీక్షలుండవు. ఆరుగురు పిల్లల్ని ఒక్కసారి ఆటగదిలోకి పంపి, అరగంట ఆడుకోనిస్తారు. పేర్లుండవు, రంగు బ్యాడ్జీలుంటాయి. ఇద్దరు టీచర్లు మూల కూర్చుని చూసి చెరో చీటీ రాస్తారు. టీచర్ల బంధువుల పిల్లలెవరైనా వస్తుంటే ఆ సంగతి ముందే పెద్ద మేడమ్‌కి చెప్పాలి, ఆ రోజు ఆ టీచరు గది ఛాయలకి రాకూడదు. ఇదీ నియమం.

తాళాల టీచర్ చెప్పలేదు. రెండేళ్ళ కిందట ఒకావిడ తన చెల్లెలి కొడుకు సంగతి నియమం ప్రకారమే చెప్పింది. ఆ పిల్లాడికి సీటు వచ్చింది. అయినా స్టాఫ్ రూములో నెల రోజులు గుసగుసలే. వాటిలో సగం తాళాల టీచర్ నోటి నుంచి వచ్చినవే. "ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడు" అని అందర్నీ నవ్వించింది కూడా తనే. రేపు తన గురించీ అవే నోళ్ళు అదే మాట అంటాయని భయం. ఇంటిపేర్లు వేరు కదా, ఎవరికి తెలుస్తుందిలే అనుకుంది. పిట్ట తెలివికి అత్త సాయం అక్కర్లేదని నమ్మకం కూడా.

మూడు వారాల కిందటి ఆ శనివారం నీలం బ్యాడ్జీతో పిట్ట గదిలోకి వచ్చింది. మూలన కూర్చున్న మనిషిని చూడగానే మొహమంతా నోరైంది. అత్తా అనే కేక గొంతులోంచి బయలుదేరే లోపలే తాళాల టీచర్ లేచి, షూ లేసు కట్టే నెపంతో వంగి, చెవిలో చెప్పింది: "ఇదొక ఆట పిట్టా. నేనెవరో నీకు తెలీదు. నోరు విప్పావా, ఓడిపోతావు."

'అత్తా' అని పిలవకుండా ఉంటే చాలని ఆమె ఉద్దేశం. కానీ ఓడిపోవడం పిట్ట వంటికి పడదు. అరగంట సేపు ఆ పిల్ల బొమ్మల మధ్య కూర్చుని, పక్క పిల్లలు పిలిచినా పలక్కుండా, ఎవరేమడిగినా తల అడ్డంగా ఊపి, గెలుస్తున్న గర్వంతో మధ్యమధ్య అత్త వైపు చూసింది. పక్కనున్న డ్రాయింగ్ మాస్టారు తన చీటీలో 'నీలం బ్యాడ్జీ, మాట్లాడలేదు' అని రాశారు. తాళాల టీచరూ అదే రాసింది. సలహా అని ఒక గడి ఉంటుంది. వేరే పిల్లయితే 'ఇంకోసారి పిలిచి చూద్దాం' అని రాసేది. ఈ పిల్లకి మాత్రం, తన చెయ్యి మొగ్గకూడదన్న పట్టుదలలో, 'మరో ఏడాది ఆగడం మంచిది' అని రాసింది. నిజాయితీ చూపిస్తున్నానని అనుకుందే గానీ, తన పరువుకి పిల్లని అడ్డం పెడుతున్నానని ఆ క్షణాన తట్టలేదు.

వారం తిరక్కుండానే ఇంటికి ఉత్తరం వచ్చింది. అందరూ పిట్టని చుట్టుముట్టి ఎందుకు మాట్లాడలేదని అడిగారు. పిట్ట నోరు విప్పలేదు. అడిగే కొద్దీ ఇంకా బిగుసుకుంది. ఆ రోజు గదిలో ఎవరున్నారో కనుక్కోమని మరదలు రెండుసార్లు బతిమాలింది. అవి బయటికి చెప్పరని తాళాల టీచర్ తప్పించుకుంది. ఆ అబద్ధం ఆడిన రాత్రి ఆమెకి అన్నం సయించలేదు. తర్వాత రోజు చెబుదామనుకుంది. తర్వాత రోజు మరో రోజైంది.

ఈ శనివారం పది గంటలకి పదకొండు కుటుంబాలు గేటు దగ్గర పోగయ్యాయి. తాళాల టీచర్ గుత్తి గలగలలాడిస్తూ ముందు నడిచింది. చదవడం రాని పిల్లల కోసం పేర్ల బదులు బొమ్మలు అతికించిన కొక్కేలు చూపించింది. మోకాలి ఎత్తులో ఉన్న కుళాయిల దగ్గర ఆగి, వాటిలో నీళ్ళు పట్టుకోవాలంటే పెద్దవాళ్ళు వంగాల్సిందేనని, ఈ బళ్ళో వంగేది పెద్దవాళ్ళేనని ఎప్పుడూ వేసే చలోక్తి వేసింది. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వబోయి గుంపు చివర చూసింది.

చివర మరదలు నిలబడి ఉంది. పక్కన ఆమె చెయ్యి పట్టుకుని పిట్ట.

బళ్ళో తనని వదినా అని పిలవొద్దని తాళాల టీచరే ఎప్పుడో చెప్పింది. మాట ప్రకారం మరదలు పలకరించలేదు, అందరిలాగే నడిచింది. పొద్దున వస్తున్నట్టు ఒక్క ముక్కయినా అనలేదు. ఎందుకొచ్చింది? తెలిసిపోయిందా? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది తాళాల టీచర్ పని. గ్రంథాలయం తలుపుకి మూడు తాళంచెవులు మార్చి మార్చి పెట్టింది గానీ సరైనది చేతికి రాలేదు.

ఆటగదిలోకి వచ్చేసరికి ఒక తండ్రి అడిగాడు, మా వాడు కొత్తవాళ్ళ దగ్గర నోరు విప్పడండీ, చేర్చుకుంటారా అని. ఈ ప్రశ్న ప్రతి శనివారం ఎవరో ఒకరు అడుగుతారు. దానికి ఆమె దగ్గర తయారుగా ఒక జవాబుంది. ఏళ్ళ తరబడి చెప్పిచెప్పి నాలికకి అలవాటైపోయిన జవాబు.

"మాట్లాడని పిల్లలుండరండీ. మాట్లాడనివ్వని పెద్దలుంటారు..."

అక్కడిదాకా వచ్చి ఆగిపోయింది. ఆ తండ్రి మిగతాది వినడానికి వేచి చూస్తున్నాడు.

అప్పుడే పెద్ద మేడం లోపలికొచ్చారు. ప్రతి శనివారం చివర్లో ఆమె వచ్చి అందరి సందేహాలూ తీరుస్తారు. మరదలు ముందుకొచ్చింది.

"మేడం, మా పాప మూడు వారాల కిందట ఈ గదికే వచ్చింది. నీలం బ్యాడ్జీ. అంతకుముందు గోడలతో కూడా కబుర్లు చెప్పేది. ఇక్కడ అరగంట మాట్లాడలేదని ఉత్తరం రాశారు. సీటు రాకపోయినా పర్లేదు మేడం. అప్పట్నుంచి ఇంట్లో కూడా ఉలుకూ పలుకూ లేదు. సోమవారం డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తున్నాం. ఇక్కడ పాప దేనికైనా జడుసుకుందేమో, చూసినవాళ్ళెవరో చెబితే డాక్టరుకి చెప్పుకుంటాను."

"దానికేముందమ్మా" అన్నారు పెద్ద మేడం. "ఆ శనివారం గదిలో ఉన్నది డ్రాయింగ్ మాస్టారు, ఇదిగో ఈ టీచరు. ఈవిడే చెబుతారు."

మరదలు తల తిప్పి చూసింది. ఆ చూపులో కోపం లేదు, నమ్మలేకపోవడం ఉంది. కోపముంటే బాగుండేదని తాళాల టీచర్‌కి అనిపించింది.

పెద్ద మేడం ఇదేమీ గమనించకుండా పిట్ట ముందు వంగి, నీ పేరేంటమ్మా అని అడిగారు. పిట్ట తల ఎత్తి అత్త వంక చూసింది. పెదాలు రెండూ లోపలికి మడిచి, గట్టిగా నొక్కిపెట్టింది. పదకొండు కుటుంబాలూ ఆ చూపు ఎటు వెళ్ళిందో చూశాయి.

"తను నా తమ్ముడి కూతురు మేడం" అంది తాళాల టీచర్. గుత్తి ఆమె చేతిలోంచి జారి కింద పడింది. "మీకు చెప్పలేదు. అత్తా అని పిలుస్తుందని భయపడి, మాట్లాడొద్దని నేనే చెవిలో చెప్పాను. మాట్లాడలేదని మళ్ళీ నేనే రాశాను. పిల్లలో ఏ లోపమూ లేదు. తప్పంతా నాదే."

ఇందాకటి తండ్రి తన కొడుకుని దగ్గరికి లాక్కున్నాడు. పెద్ద మేడం వంగి తాళాలు తీసుకున్నారు. మిగతాది తాను చూపిస్తానని తల్లిదండ్రులతో అన్నారు. జరిగింది కాగితం మీద రాసివ్వమని, ఇకనుంచి అడ్మిషన్ల గదిలోకి రావద్దని తాళాల టీచర్‌తో చెప్పారు. పాపని సోమవారం ఉదయం వేరే టీచర్లు మళ్ళీ చూస్తారన్నారు. ఆ గొంతులో అరుపు లేదు, ఇరవయ్యేళ్ళ స్నేహం కూడా లేదు.

మరదలు పిట్టని ఎత్తుకుంది. గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

"రాసిచ్చేసి ఇంటికి రండి వదినా" అంది.

మధ్యాహ్నం తాళాల టీచర్ ఇంట్లో అడుగు పెట్టేసరికి తమ్ముడు కూడా వచ్చేసి ఉన్నాడు. లిఫ్టులు బాగుచేసే మనిషి, చేతులకి గ్రీజు అలాగే ఉంది. కుర్చీలో కూర్చుని నేల వంక చూస్తున్నాడు. అక్క మొహం చూడలేకపోతున్నాడని ఆమెకి అర్థమైంది.

"సీటు సంగతి వదిలేయండి వదినా" అంది మరదలు. "నా బిడ్డకి ఏదో అయిపోయిందని ఇరవై రోజులు ఏడ్చాను. నేను ల్యాబుకి పోవడం వల్లే అది ఇలా అయిందని నన్ను నేను తిట్టుకున్నాను. ఇదే సోఫాలో, మీ పక్కనే కూర్చుని ఏడ్చాను. మీరు నా వీపు నిమిరారు. నిమురుతూ కూడా చెప్పబుద్ధి కాలేదా మీకు?"

పేరు పోతుందని భయపడ్డానని, ఒక రోజు దాటాక చెప్పడం ఇంకా కష్టమైందని, ముక్కలు ముక్కలుగా చెప్పింది తాళాల టీచర్. బడికి దగ్గర్లో గది చూసుకుని వెళ్ళిపోతానని కూడా అంది.

"పోతే అయిపోతుందా అక్కా?" అన్నాడు తమ్ముడు, తల ఎత్తకుండానే. "అది ఇంకా మాట్లాడ్డం లేదు. ఇంటికొచ్చాక కూడా అడిగాం. అత్త అంతా చెప్పేసిందమ్మా, ఇక నువ్వూ చెప్పొచ్చు అన్నాం. నోరు తెరవదే."

"దాని దగ్గరికి వెళ్ళండి" అంది మరదలు, కళ్ళు తుడుచుకుంటూ. "నా కోపం నేను తర్వాత చూసుకుంటాను."

పిట్ట మంచం పక్కన, గోడకీ మంచానికీ మధ్య ఉన్న సందులో కూర్చుని ఉంది. పెద్దవాళ్ళు పట్టని చోటు. తాళాల టీచర్ నేల మీద మోకాళ్ళు ఆనించి, తల వంచి, ఆ సందులోకి మొహం పెట్టింది.

"తప్పు చేశాను పిట్టా. నా మీద కోపమా?"

పిట్ట తల అడ్డంగా ఊపింది. గుమ్మం వైపు ఒకసారి చూసింది. తర్వాత చూపుడు వేలు పెదాల మీద పెట్టుకుని, కళ్ళతో అత్తకి సైగ చేసింది. అది కోపం కాదు. జాగ్రత్త, వింటారు అని హెచ్చరిక.

అప్పుడు వెలిగింది తాళాల టీచర్‌కి. ఆట మొదలుపెట్టింది తను. అయిపోయిందని ఎవరూ చెప్పలేదు. అమ్మ అడిగినా, నాన్న బతిమాలినా, పెద్ద మేడం వంగి పేరు అడిగినా, అత్త చెప్పేదాకా నోరు విప్పకూడదని ఆ పిల్ల ఇరవై ఒక్క రోజులు ఆడుతూనే ఉంది. అత్తని ఓడించడానికి కాదు, అత్త ఆడమంది కాబట్టి.

"ఆట అయిపోయింది పిట్టా" అంది. "అయిపోయిందమ్మా. ఆ రోజే అయిపోయింది. నేను చెప్పడం మర్చిపోయాను."

పిట్ట వేలు నెమ్మదిగా కిందికి దిగింది.

"ఎవరు గెలిచారు?"

"నువ్వే. నేను ఓడిపోయాను."

"చాలా పెద్దాట అత్తా ఇది" అంది పిట్ట, నిట్టూర్చి. ఆ తర్వాత గండి పడింది. "నా పన్ను ఊడిపోయింది, దిండు కింద దాచా, నీకు చూపించలేదు. పక్కింటి పిల్లికి మూడు పిల్లలు. ఇంకా, ఇంకా, మీ బళ్ళో ఆ గదిలో కుందేలు బొమ్మ లేదూ? దానికి ఒక చెవి లేదత్తా. ఆ రోజే నీకు చెబుదామనుకున్నా. చెబితే నువ్వు కుట్టేదానివి కదా, పాపం."

గుమ్మం దగ్గర మరదలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. కాసేపటికి వచ్చి ఆడపడుచు పక్కనే నేల మీద కూలబడింది. తాళాల టీచర్ చెయ్యి మీద తన చెయ్యి వేసింది.

సందులోంచి మాటలు వస్తూనే ఉన్నాయి. కుందేలు సంగతి మళ్ళీ మొదటికొచ్చింది.

"కుడతాను పిట్టా" అంది తాళాల టీచర్. "సోమవారం నువ్వు ఆ గదిలోకి వెళ్ళినప్పుడు అక్కడి టీచర్లకి చెప్పు. చెవి లేదని గట్టిగా చెప్పు. మా అత్త కుడుతుందని కూడా చెప్పు."